డ్రైవ్‌వేలో ఏడు రేకుల ముగ్గు

పోయిన ఎండాకాలం రెండు నెలలు నేను బాత్‌టబ్బులో కూర్చుని గిన్నెలు తోమాను. సుఖంగా తోమాను. నవ్వుకుంటే నవ్వుకోండి, ఉన్నమాటే చెప్తున్నా. చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, పంపు సన్నగా తిప్పుకుని కూర్చుంటే పుట్టింట్లో బావి గట్టున కూర్చున్నట్టే ఉండేది. పన్నెండేళ్ళ నుంచి ఈ కెనడాలో సింకు ముందు నిలబడి నిలబడి నా నడుం సగం అరిగింది. ఆ రెండు నెలలూ దానికి సెలవు దొరికింది. నా కోడలు మాత్రం ఆ టబ్బులో స్నానం మానేసి కింద బేస్‌మెంటులో షవరుకి పోయేది. టబ్బులోకి దిగితే సాంబారు వాసనొస్తందంట. రోజూ తినే సాంబారేగా, పరాయి వాసనేం కాదుగా అన్నా. తినటం వేరు, అందులో మునగటం వేరు అత్తమ్మా అంది. ఆ మాటా నిజమే.

నాకు రాయటం రాదు. నేను చెప్తా ఉంటే కోడలు కంప్యూటర్లో కొడతా ఉంది. తన సంగతి వచ్చిన చోట ఆగి నా వంక చూస్తంది. కొట్టమ్మా, ఉన్నదే గదా అంటే కొడతంది.

సంగతేందంటే, మా వంటగది పగలగొట్టి కొత్తది పెట్టించారు. ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా కొడుకు, నా కోడలు. కొడుక్కి ఇక్కడే కంప్యూటరాఫీసులో పని. కోడలు వారంలో మూడు రోజులు పైగదిలో తలుపేసుకుని ఇంట్లోనే ఉద్యోగం చేస్తది. నా మనిషి పోయి నాలుగేళ్ళయింది. కూతురు వాంకూవర్‌లో ఉంటది. కొడుకు నాతో అన్నాడు గదా, దుమ్ము, చప్పుడు, నీకసలే ఆయాసం, రెండు నెలలు అక్క దగ్గరుండి అంతా అయ్యాక రా, ఫ్లైటెక్కిస్తా అని. నేను రాను, ఇక్కడే సుఖంగా ఉంటా అన్నా. వాడు నన్నెరుగును. అందుకని ఒక షరతు పెట్టాడు. నీవల్ల ఒక్కరోజు పని ఆగినా, ఒక్క రచ్చ జరిగినా, మర్నాడే ఫ్లైటు. సరే అన్నా. నా కూతురు కూడా ఫోన్లో ఉండి, గది సర్దిపెట్టే ఉంచుతాలే, మా అమ్మ సంగతి నాకు తెలుసు అంది. కడుపున పుట్టినవాళ్ళిద్దరికీ నామీద అంత నమ్మకం.

ఎందుకు పోనన్నానో వాళ్ళకి చెప్పలా. మీకు చెప్తా.

కోడలు ఒకరోజు ఫోన్లో కొత్త పొయ్యి బొమ్మ చూపించింది. నల్లగా, అద్దంలాగా, నున్నగా ఉంది. తిప్పటానికి ఒక్క నాబు లేదు. వేలు తాకిస్తే అక్షరాలు వెలుగుతయ్యంట, ఆ అక్షరాలు చూసుకుని నొక్కాలంట. ఎట్టా ఉంది అత్తమ్మా అంది. చాలా బాగుందమ్మా అన్నా. నేను బడికి పోయింది రెండో తరగతి దాకా. తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకునేదాన్ని కావాల్సొచ్చి మానిపించారు. అంకెలు వచ్చు. తెలుగక్షరాలు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకుంటా. పూర్తయ్యేసరికి మొదటిది మర్చిపోతా. ఇంగ్లీషు అసలు లేదు. ఇది కొడుక్కి తెలుసు. తెలిసింది వేళకి గుర్తుకు రావాలి గదా. కోడలికి అదీ తెలీదు. కళ్ళజోడు పెట్టుకుని గోడమీద తెలుగు క్యాలెండరు ముందు నిలబడి ఈరోజు ఏకాదశి అని చెప్పేదాన్ని. పొద్దున టీవీలో విన్నది చెప్పేదాన్ని అంతే. కళ్ళజోడు కూడా చూపు కోసం కాదు, చదివే మనిషిలా కనబడాలని ముక్కుమీదకి లాక్కునేదాన్ని.

పాత పొయ్యి సంగతి వేరు. అది కాయిల్ పొయ్యి, నాలుగు నాబులు. ఏ నాబు ఏ పొయ్యిదో పక్కన ఇంగ్లీషులో రాసి ఉంటది. ఈ దేశం వచ్చిన వారంలోనే నేను ఒకటి తిప్పితే ఇంకోటి వెలిగి, దానిమీదున్న ప్లాస్టిక్ డబ్బా అప్పడంలా కరిగింది. నా మనిషి ఊళ్ళో కరెంటు మోటార్లకి వైండింగ్ చేసేవాడు. ఏ వైరు ఏదో గుర్తుకి రంగులు పెట్టుకునే అలవాటు ఆయనకి. ఎవరికీ చెప్పకుండా కోడలి గోళ్ళ రంగు సీసా తెచ్చి, నాబుల మీద చుక్కలు పెట్టాడు. ముందు ఎడమ పొయ్యికి ఒకటి, వెనక ఎడమదానికి రెండు, వెనక కుడిదానికి మూడు, ముందు కుడిదానికి నాలుగు. అన్నం మగ్గటానికి ఎక్కడ ఆపాలో అక్కడ ఒక సన్నగీత. కోడలు చాలాకాలం అవి కుంకం మరకలనుకుంది. నాలుగేళ్ళుగా ఆయన లేడు గానీ చుక్కలున్నయ్.

ఇంక అర్థమైంది గదా. నేను వాంకూవర్ పోయి వచ్చేసరికి ఇల్లు మారిపోయి ఉంటది, నా చెయ్యి పట్టుకోటానికి అందులో ఏమీ ఉండదు. కుర్చీలో కూర్చుంటే కంచం తెచ్చి పెడతారు. బాగా చూసుకుంటారు, కాదనను. కానీ అది చుట్టంగా ఉండటం. ఇక్కడే ఉండి కనిపెట్టుకుని ఉంటే ఏదో ఒకటి చేయొచ్చు అనుకున్నా. ఏం చేస్తానని మాత్రం అడక్కండి, నాకే తెలీదు.

జూన్‌లో పగలగొట్టటం మొదలుపెట్టారు. హాలుకీ వంటగదికీ మధ్య పైనుంచి కిందదాకా ప్లాస్టిక్ గుడ్డ కట్టి, దానికో జిప్పు పెట్టారు, సంచికి పెట్టినట్టు. మొదటిరోజే నా పైటకొంగు ఆ జిప్పులో ఇరుక్కుంది. లోపలికీ బయటికీ కాకుండా పావుగంట నిలబడ్డా. కోడలు పైన మీటింగులో ఉంది. పిలిస్తే రచ్చవుద్దని, రచ్చ అయితే ఫ్లైటు గుర్తొచ్చి, ఏదో చూస్తున్నట్టు అట్టాగే నిలబడ్డా. పనివాళ్ళు అటూ ఇటూ పోతా నాకు గుడ్ మార్నింగ్ చెప్పారు. నేనూ చెప్పా. తను కిందికొచ్చి ఏంటత్తమ్మా ఇక్కడ నిలబడ్డారు అంటే, పని ఎట్టా చేస్తన్నారో చూస్తన్నా అన్నా.

అయినా సుఖంగానే ఉన్నా, ఒట్టు. ఫ్రిజ్జు తెచ్చి హాల్లో సోఫా పక్కన పెట్టారు. కూర్చున్నచోట నుంచి లేవకుండా చెయ్యి చాపితే మజ్జిగ. ఈ ఏర్పాటు ముందునుంచీ ఎందుకు లేదా అనిపించింది. అన్నం కుక్కరు బట్టలారబెట్టే మిషను మీద పెట్టా. కోడలు బట్టలేసినప్పుడల్లా కుక్కరు వణికేది, అన్నం మాత్రం పొడిపొడిగా వచ్చేది. కూరలకి గ్యారేజీలో బల్లేసి, దానిమీద ఒకే నాబున్న చిన్న కరెంటు పొయ్యి పెట్టారు. ఒకటే నాబు, ఒకటే పొయ్యి. పొరపాటుకి చోటే లేదు. గ్యారేజీ తలుపు పైకెత్తి ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని వంకాయలు తరుగుతా ఉంటే, వీధి వీధంతా నాకు చెయ్యి ఊపుకుంటా పోయేది. పన్నెండేళ్ళలో అంతమంది నన్ను చూడలా.

పాత పొయ్యిని తెచ్చి గ్యారేజీ గోడవారన పెట్టారు. కావాల్సినవాళ్ళు ఊరికే పట్టుకెళ్ళండని కొడుకు ఫోన్లో పెట్టాడు. శనివారం ఒకాయన వస్తానన్నాడు. ఆరోజు పొద్దున నేను గ్యారేజీలోకి పోయి, నాలుగు నాబులూ పట్టుకుని లాగేశా. గుంజితే వచ్చేస్తయ్ అవి. కందిపప్పు డబ్బాలో అడుక్కంటా దూర్చి, పైన పప్పు పరిచి మూతపెట్టా.

ఆయన ట్రక్కేసుకుని పెళ్ళాంతో సహా వచ్చాడు. పొయ్యి బాగుంది, తిప్పటానికి ఏదీ అన్నాడు. కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద వెతికాడు. నేనూ వెతికా. అందరికన్నా నేనే గట్టిగా వెతికా. టార్చిలైటు తెచ్చి మూలనున్న ఫ్రీజరు కింద కూడా వేసి చూశా. ఆయన పెళ్ళాం నా కష్టం చూడలేక, ఫర్లేదు అమ్మా అన్నట్టు భుజం తట్టింది. ఉత్త చేతులతో పోయారు. తర్వాత ఇంకొకరొచ్చారు, వాళ్ళూ అంతే. పొయ్యి గోడవారనే ఉండిపోయింది. కందిపప్పు డబ్బా జోలికి ఎవరూ పోకుండా రెండు నెలలూ నేనే పప్పు వండా. కోడలు చేస్తానన్నా వినలా. అత్తమ్మకి ఈమధ్య పప్పు మీద ప్రేమ పెరిగిందని కొడుకుతో అందంట.

ఆ నాబులు దాచి ఏం సాధిద్దామనుకున్నావే అని నన్ను నేనే అడుగుకున్నా. పిల్లి కూడా ఇంతకన్నా ఆలోచించి దాచుద్ది.

పని ఆగస్టుకి అయిపోవాలి. కాలా. చెక్కలు ఆలస్యంగా వచ్చినయ్, వచ్చినవాటిలో ఒకటి కొలతకి రాలా. చివరికి టైల్స్ వేసే ఆయన వచ్చాడు. నా వయసాయనే. తెల్లమీసం, పోర్చుగల్ మనిషంట. ఆయనకీ ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు అసలు లేదు, అందుకని మేమిద్దరం బాగా మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మోకాళ్ళమీద కూర్చుని ఒక్కో టైలు పూజ చేసినట్టు పెట్టేవాడు. నేను కాఫీ ఇస్తే చెయ్యి గుండెమీద పెట్టుకునేవాడు. ఆయన సామానంతా గ్యారేజీలో, నా డబ్బాల పక్కన పెట్టుకునేవాడు. అందులో ఒక పెద్ద సంచి. నిండా తెల్లటి పొడి.

శ్రావణమాసం వచ్చింది. కోడలు ఏటా వరలక్ష్మీవ్రతం చేసుకుంటది. ఇల్లిట్టా ఉంటే ఈ ఏడాది మానేద్దామా అంది. నేను ఊరుకోలా. ఎందుకు మానాలి, మనకేం తక్కువైంది, సుఖంగానే ఉన్నాం గదా, అందర్నీ పిలువు అన్నా. నా ఎత్తు నాది. ఇంతమంది వచ్చి ఇల్లు చూసి భలే నెట్టుకొస్తన్నారే అంటే, ఇంక నా కొడుకు ఫ్లైటు మాటెత్తడు. కోడలు ఎనిమిది మందిని పిలిచింది. అమ్మవారికి హాల్లో ఫ్రిజ్జు పక్కనే చోటు దొరికింది. ఫ్రిజ్జు బాగోలేదని దానికి నా పట్టుచీర చుట్టాం. పాలు కావాల్సినప్పుడల్లా కుచ్చిళ్ళు పక్కకి తొలగించి తలుపు తియ్యాలి.

వ్రతంలో నేను కూర్చోను. తాంబూలం పుచ్చుకునే వరసలో నేనుండను. ఎవరూ వద్దనలా, కోడలు రమ్మనే అంటది. నేనే పోను, పాత అలవాటు. కానీ ముగ్గు మాత్రం నాది. రాయటం రాని చేతికి దేవుడు అదొక్కటి ఇచ్చాడు. నా సంతకం వంకరగా ఉంటది గానీ నా మెలిక ముగ్గులో వంకర చూపించండి చూద్దాం.

శుక్రవారం తెల్లారతా ఉండగా లేచి, డ్రైవ్‌వే ఊడ్చి, గొట్టంతో నీళ్ళు చల్లా, కళ్ళాపి లెక్కకి. నల్లటి తారు తడిసి పలకలా మెరుస్తా ఉంది. బియ్యప్పిండి కోసం పోయా. వంటగది సామానంతా అట్టపెట్టెల్లో సర్ది, దేంట్లో ఏముందో కోడలు మీద రాసిపెట్టింది. చక్కగా రాసింది, పెద్ద అక్షరాలతో. నాకేం లాభం? ఒక పెట్టె తెరిస్తే గాజు గ్లాసులు. ఇంకోటి తెరిస్తే మిక్సీ. మూడోదాంట్లో తన పెళ్ళి ఫోటోలు. పిలిచి అడగొచ్చు. అడిగితే, పెట్టె మీద రాసుంది గదా అత్తమ్మా అంటది. అందుకని అడగలా.

అప్పుడు ఆ సంచి కనబడింది. మూతి విప్పి ఉంది. పొడి వేళ్ళతో తీసి చూశా. తెల్లగా, మెత్తగా, మధ్యలో సన్నటి ఇసక తగులుతా, అచ్చం మా ఊళ్ళో బండిమీద అమ్మొచ్చే ముగ్గుపిండే. ఈ దేశంలో కూడా దొరుకుతందే అనుకున్నా. టైల్స్ ఆయనకి ముగ్గుపిండితో ఏం పని అని ఒక్కసారన్నా అనిపించాలి గదా. అనిపించలా. సంచిమీద ఒకవైపు ఇంగ్లీషు, ఒకవైపు ఫ్రెంచి, రెండు భాషల్లోనూ ఏదో ఎర్రగా హెచ్చరించారు. నాకు రెండూ ఒకటే.

ఎంత బాగా జారిందో ఆ పొడి. బియ్యప్పిండి ఉండ కడతది, ఇది దారంలా దిగింది. నడుమ అష్టదళ పద్మం వేశా, అటూ ఇటూ లతలు తిప్పా, కాలిబాట దాకా లాక్కుపోయా. ఎదురింటాయన కుక్కని తిప్పుతా ఆగి, బ్యూటిఫుల్ అన్నాడు. ఆ ఒక్క ముక్క నాకు తెలుసు. తల ఊపా. ఆ ఊపులో లెక్క తప్పినట్టున్నా. అంతా అయ్యి నడుం పట్టుకుని లేచి చూస్తే పద్మానికి ఏడే రేకులు. ఎనిమిదోదానికి చోటు లేదు. రేపు కడిగేసేదే గదా, ఎవరు లెక్కపెట్టొచ్చారని వదిలేశా.

సాయంత్రం వచ్చినవాళ్ళంతా ముగ్గు దగ్గరే ఆగారు. చెప్పులు దూరంగా విప్పుకుని ఫోటోలు తీశారు. నేను గ్యారేజీలో కుర్చీలో కూర్చుని, ఏముందిలే, తోచక వేశా అన్నట్టు మొహం పెట్టా. లోపల మాత్రం ఉబ్బిపోయా. అందులో ఒక పెద్దావిడ, రిటైరైన డాక్టరు గారు, వంగి వేలితో లెక్కపెట్టి, ఏడే ఉన్నాయేంటండీ అంది. నేను తడుముకోకుండా, మా వైపు ఏడే వేస్తామండీ అన్నా. అట్టాగా అని పక్కావిడకి చెప్పింది. ఆవిడ ఇంకొకావిడకి చెప్పింది. మా వైపు అట్టాంటి ఆచారం ఏదీ లేదు.

ఆ సాయంత్రానికే నా వేళ్ళు మండుతున్నయ్. ఆవకాయ కారం అనుకున్నా.

శనివారం పొద్దున గొట్టం పెట్టా. ముగ్గు కదల్లా. చీపురుతో రుద్దా. గిన్నెల బ్రష్షుతో రుద్దా. చివరికి దోసెల అట్లకాడ తెచ్చి గీకా. అట్లకాడ వంగింది. ముగ్గు వంగలా. ఆదివారం వాన కురిస్తే కిటికీ దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్నా. వాన వెలిశాక చూస్తే ఇంకా తెల్లగా, నిగనిగలాడతా ఉంది. ఒరేయ్, కారు కొంచెం ముందుకి తెచ్చి నడిమధ్యన పెట్టరాదా అని కొడుకుని అడిగా. ఎందుకన్నాడు. ఎండకి అన్నా. ఎండ లేదమ్మా అన్నాడు.

సోమవారం టైల్స్ ఆయనొచ్చాడు. సంచి ఎత్తి చూసి, సగం ఖాళీ అయిందేందని చుట్టూ చూశాడు. ఆరోజు కొడుకు కూడా ఇంట్లోనే ఉన్నాడు, ఏమైందని వచ్చాడు. నేను వంకాయల మీద చూపు నిలిపి తరుగుతా ఉన్నా. టైల్స్ ఆయన అట్టా బయటికి చూసి, మెల్లగా నడిచిపోయి, డ్రైవ్‌వేలో గొంతుక్కూర్చుని, పద్మం మీద వేలి కణుపుతో టకటక కొట్టాడు. కొట్టి, నా కొడుకు వైపు తలెత్తి ఒకటే మాట అన్నాడు.

"సిమెంట్."

ఆ మాట ఏ భాషలో అన్నా అర్థమవుద్ది.

టైల్స్ అతికించే సిమెంటంట అది. నీళ్ళు తగిలితే రాయవుద్దంట. నేను నీళ్ళు చల్లి మరీ వేశా. టైల్స్ ఆయన కోప్పడలా. నా దగ్గరికొచ్చి చెయ్యి చూపించమన్నాడు. వేళ్ళ చివర్లు ఎర్రగా పగిలున్నయ్. తన పనిముట్ల సంచిలోంచి వెనిగర్ సీసా తీసి, బకెట్ నీళ్ళలో కొంచెం పోసి, నా చెయ్యి అందులో ముంచి పట్టుకున్నాడు. తన చేతులు కూడా చూపించాడు, అవీ అట్టాగే ఉన్నయ్. ఆ తర్వాత మళ్ళీ అదే రకం సంచి కోసం కొట్టుకి పోయాడు. ఆ కొట్లో లేదంట, రేపు తెస్తాడంట. ఆరోజు పని ఆగింది.

నా కొడుకు అరిచినా బాగుండేది. వాడు కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. కోడలు మెట్లు దిగి వచ్చి వాడి వెనకాల నిలబడింది.

"అమ్మా, నువ్వే ఒప్పుకున్నావ్. ఒక్కరోజు పని ఆగినా అని. అక్కకి ఫోన్ చేస్తన్నా" అన్నాడు.

ఫోన్ తీశాడు. వాడు తీసేలోపు నేను లేచా. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలీదు. కందిపప్పు డబ్బా తెచ్చి, వంకాయ ముక్కల మీదే బోర్లించా. పప్పంతా జారి, దాంతోపాటు నాలుగు నాబులూ బల్లమీద పడ్డయ్. ఒకటి దొర్లుకుంటా పోయి కోడలి కాలి దగ్గర ఆగింది.

"పంపిస్తే పంపించు. ఇవి కూడా ఇచ్చెయ్, ఆ పొయ్యి ఎవరికన్నా పనికొస్తది. దాచింది నేనే" అన్నా.

వాడు నాబుల వంక చూస్తా ఉండిపోయాడు. ఫ్రీజరు కింద టార్చిలైటేసి వెతికిన నన్ను గుర్తు తెచ్చుకుంటన్నాడనుకుంటా. కోడలు వంగి కాళ్ళ దగ్గరది తీసి, పప్పు దులిపి, చుక్కల మీద వేలితో రాసి చూసింది.

"కుంకమనుకున్న. ఇది నా నెయిల్ పాలిష్ కదా అత్తమ్మా."

"మీ మామయ్య పెట్టాడు. నాకు అక్షరాలు రావమ్మా. చుక్కలు చూసి వండుతా. ఆ అద్దం పొయ్యి మీద నేనేం పట్టుకోవాలి?"

కోడలు అట్టపెట్టెల వంక చూసింది. తను పెద్దక్షరాలతో రాసిన వాటి వంక. మూతలు తెరిచి ఉన్న గ్లాసుల పెట్టె, మిక్సీ పెట్టె, పెళ్ళి ఫోటోల పెట్టె. అప్పుడు డ్రైవ్‌వే వంక చూసింది. తెలివైన పిల్ల, అంతా కలుపుకుంది.

"పన్నెండేళ్ళ సంది ఒక్కసారన్న నాకు చెప్పకపోతిరి" అంది. తనది నిజామాబాద్ వైపు. మామూలుగా మాతో మా యాసలోకి వచ్చేస్తది గానీ, గట్టిగా తగిలినప్పుడు తన మాట తనకొస్తది. "మరి క్యాలెండర్ల ఏకాదశి ఎట్ల చెప్తరు?"

"టీవీలో విని" అన్నా.

ముందు తనే నవ్వింది. నవ్వుతా నవ్వుతా కళ్ళు తుడుచుకుంది. కొడుకు ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాకు తెలుసు గదమ్మా, నాకు తెలిసి కూడా గుర్తు రాలా అని, వంకాయ ముక్కల్లోంచి కందిపప్పు ఏరటం మొదలుపెట్టాడు. ఏరితే వచ్చేదా అది. ముగ్గురం కూర్చుని అరగంట ఏరి, చివరికి రెండూ కలిపే వండేశాం. బాగానే ఉంది.

అద్దం పొయ్యి ఇంకా కొట్టులోంచి కదల్లా అప్పటికి. కోడలు ఫోన్ చేసి వద్దని చెప్పింది. పైన అద్దం ఉండి, ముందు తిప్పే నాబులుండేది ఇంకో రకం ఉంటదంట. అదేదో ముందే చెప్తే నేను రెండు నెలలు పప్పు డబ్బాకి కాపలా కాసేదాన్ని కాదు గదా. నేను ముందే చెప్తే తనూ చెప్పేది.

పాత నాబులు కొత్త పొయ్యికి పడతయ్యేమోనని ఆశపడ్డా. పడలా. మొదట ట్రక్కేసుకొచ్చిన ఆయన్ని కొడుకు మళ్ళీ పిలిచాడు. ఆయన పెళ్ళాం చేతిలో నాలుగూ నేనే పెట్టా, చుక్కలతో సహా. పెట్టేముందు కాసేపు పట్టుకుని ఉన్నా. ఆవిడ యాడ దొరికినయ్ అని అడిగినట్టుంది. కొడుకు ఏదో చెప్పాడు, ఆవిడ నా భుజం మళ్ళీ తట్టింది. వాడేం చెప్పాడో నేనడగలా.

కొత్త పొయ్యి వచ్చినరోజు కోడలు గోళ్ళ రంగు సీసా పట్టుకొచ్చి, కింద కూర్చుని, చెప్పండి అత్తమ్మా, దేనికెన్ని అంది. చెప్పా. ఎర్రది అయిపోయిందని వంగపండు రంగు పెట్టింది. నాలుగు చుక్కలు పెట్టాల్సినచోట లెక్క తప్పి అయిదు పెట్టింది. తుడవొద్దులే, అయిదంటే కుడిముందుది అని గుర్తుపెట్టుకుంటా అన్నా. ఇప్పుడు నా కొడుకు కూడా కాఫీ పెట్టుకునేటప్పుడు చుక్కలే చూసుకుంటాడు. అక్షరాలు మరీ చిన్నగా ఉన్నయ్యంట. చదువుకున్నోడు. పాలు మాత్రం మొదటిరోజు నేనే పొంగించా, కొత్త అద్దం నిండా. కోడలు అద్దం వంక చూసింది, నా వంక చూసింది, పోయి గుడ్డ తెచ్చుకుంది.

గిన్నెలు మళ్ళీ సింకులోనే తోముతున్నా. నడుం మళ్ళీ మొదలైంది. టబ్బులో తోముకుంటానంటే కోడలు ఒప్పుకోవటంలా.

ఆ తర్వాతే కోడలు నాతో అంది, మీరు నోటితో చెప్పండి, నేను రాస్తా అని. అట్టా మొదలైంది ఇది.

ముగ్గు ఇంకా ఉంది. టైల్స్ ఆయన మిషను పెట్టి గీకుతానన్నాడు గానీ, తారు లేచిపోయిద్దని కొడుకు వద్దన్నాడు. చలికాలంలో నాలుగు నెలలు మంచు కప్పేసింది. మంచు ఎత్తే పార తగిలి పోయిద్దిలే అని లోపల్లోపల అనుకున్నా. ఏప్రిల్‌లో మంచు కరిగితే, ఏడు రేకులూ ఏడుగా బయటికొచ్చినయ్. పిండి ముగ్గయితే తప్పొస్తే కాలితో చెరిపి మళ్ళీ వేసేదాన్ని. ఇది పొద్దున తలుపు తియ్యగానే నాకు ఎదురుగా ఉంటది, ఎదురింటి కుక్క కూడా దాన్ని తప్పించుకునే నడుస్తది.

ఇప్పుడు ఇది కొడతా కొడతా కోడలు ఆగింది. టైల్స్ ఆయన్ని అడిగి గుప్పెడు పొడి తెచ్చి, ఎట్టాగో సందు చేసి ఎనిమిదో రేకు వేసేద్దామా అత్తమ్మా అంటంది. వద్దన్నా. ఎట్టా వేస్తాం? పోయిన వారం గుడికి పోతా చూశా, ఆ డాక్టరు గారి వాకిట్లో పద్మానికి ఏడే రేకులు. ఆ వీధిలోనే ఇంకో ఇంటి ముందూ ఏడే. మా వైపు ఆచారం గదా మరి.